‘తెలుగు’ పొడవు ఎంత?

పైథాన్‌లో లెన్ అనే ఫంక్షన్ ఫస్టియర్‌లోనే మనందరికీ పరిచయం. పదం ఇస్తే పొడవు చెబుతుంది. దానికి ‘తెలుగు’ అని ఇచ్చి చూడండి. కంటికి కనిపించేవి మూడక్షరాలే, జవాబు మాత్రం 6 వస్తుంది. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. గుణింతం విడదీసి రాసినట్టే కంప్యూటర్ ఒక్కో ముక్కనీ విడిగా దాచుకుంటుందన్నమాట. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. గుణింతాల లాజిక్ నాకు సరిగ్గా ఎక్కింది ఈ ఫంక్షన్ వల్లే. మా తెలుగు టీచర్ వింటే ఏమంటారో!

దీని వెనకున్నది యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మనకు 3072 నుంచి 3199 దాకా 128 గదులు ఇచ్చారు. జ అంటే 3100, పొల్లు 3149, ఞ 3102, దీర్ఘం 3134. ఈ నాలుగూ వరసగా దాస్తే ‘జ్ఞా’. నంబర్లు దాచడం ఒక పని. వాటిని కలిపి, వత్తు ఎక్కడుండాలో అక్కడ పెట్టి స్క్రీన్ మీద గీయడం వేరే పని. అది ఫాంటు, ఆపరేటింగ్ సిస్టమ్ కలిసి చేస్తాయి.

ఈ రెండో పని ఎంత చిక్కో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ఒక ‘జ్ఞా’ మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. నిజానికి ఆ ‘జ్ఞా’లో ఞకీ దీర్ఘానికీ మధ్య 8204 అనే కనిపించని గుర్తు ఒకటి ఇరుక్కుని ఉంది. మామూలుగా టైప్ చేసిన ‘విజ్ఞానం’తో ఏమీ కాదు. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి కలయికలు కొన్ని దొరికాయి. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి ఆపిల్ దాన్ని సరిచేసింది. అంతకు రెండు నెలల ముందే, 2017 డిసెంబరులో, మన ఎల్బీ స్టేడియంలో ప్రపంచ తెలుగు మహాసభలు ఐదు రోజులు జరిగాయి. ఆ సభల కంటే ఈ ఒక్క బగ్ వల్లే తెలుగు పేరు ఎక్కువ దేశాల వార్తల్లోకి వెళ్లిందేమో అని నా అనుమానం.

అయితే అది సరిచేసిన సమస్య. సరిచేయనిది మన అశోక్‌నగర్‌లో ఉంది.

గ్రూప్స్‌కి చదివేవాళ్ల చేతుల్లో తిరిగే తెలుగు మీడియం నోట్సు చాలావరకు పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినదే. ఆ ఫాంట్లు తెలుగు గదులను వాడవు. ఇంగ్లీష్ అక్షరాలుండే గదుల్లోనే తలకట్టు, వత్తు, కొమ్ముల బొమ్మలు పెట్టేస్తాయి. కాగితం మీద ముత్యాల్లా ఉంటుంది. పీడీఎఫ్‌లో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే మాత్రం పిచ్చి గీతలు. ‘గోదావరి’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. నారాయణగూడలో ఒక డీటీపీ అన్నని అడిగితే, “పేజ్‌మేకర్ల యూనికోడ్ తెలుగు రాదు తమ్మీ, నా వేళ్లకేమో ఈ కీబోర్డే అలవాటు” అన్నాడు. ఆయన వేగం చూస్తే నాకూ ఏమనాలనిపించలేదు.

కానీ చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ దగ్గర పరిచయమైన ఇంకో అన్న ఉన్నాడు. గ్రూప్-2కి చదువుతున్నాడు, చూపు బాగా తక్కువ. ఫోన్ చదివి వినిపిస్తేనే చదువు. ఇంగ్లీష్ పీడీఎఫ్ ఇస్తే ఫోన్ గడగడా చదువుతుంది. తెలుగు నోట్సు ఇస్తే అర్థం లేని ఇంగ్లీష్ అక్షరాలు ఒక్కొక్కటే పలుకుతుంది. పరీక్ష ఇద్దరికీ ఒకటే, సిలబస్ ఒకటే. “ఏఐ ఏఐ అంటున్రు గదా తమ్మీ, ముందుగాల ఈ నోట్సు చదివిపియ్యరాదు?” అన్నాడు. టెక్ ఫెస్టుల్లో నేను విన్న ఏ స్పీచ్‌లోనూ ఇంత మంచి ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ లేదు.

దారులు రెండున్నాయి. డీటీపీ పీడీఎఫ్ అయితే, ఏ బొమ్మ ఏ తెలుగు నంబరో పట్టిక రాసుకుని మార్చేయొచ్చు. చిక్కల్లా వరసే. బొమ్మలు గీసిన వరస వేరు, యూనికోడ్ అడిగే వరస వేరు. జిరాక్స్ కాపీ అయితే ఫొటో తీసి ఓసీఆర్ చేయాలి. టెసరాక్ట్ ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. నేనూ మా క్లాస్ వాళ్లిద్దరూ ఈ రెండో దారిలో ఆధునిక చరిత్ర నోట్సు 40 పేజీలు మార్చాం. అన్న వింటూ తప్పులు వాయిస్ మెసేజ్‌లో పంపిస్తున్నాడు.

ఎక్కువ తప్పులు ‘థ’ దగ్గరే. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే లోపలి చుక్క పోతుంది, ‘థ’ కాస్తా ‘ధ’ అవుతుంది. ‘పథకం’ అన్నిచోట్లా ‘పధకం’ అయింది. “వినెటోనికి గంత తేడా తెల్వదు, ఇడ్సిపెట్టు” అన్నాడు అన్న. వినేవాళ్లకు సరే, వెతికేవాళ్లకు కుదరదు. ‘థ’ 3109, ‘ధ’ 3111. కంప్యూటర్‌కి అవి రెండు వేర్వేరు అక్షరాలు. అందుకే ఇప్పుడు ‘థ’ ఉన్న పదాలన్నీ ఒక జాబితాగా రాస్తున్నాం. కథ, రథం, పథకం, గ్రంథం, తిథి, అర్థం... మీకు తట్టినవి కూడా పంపండి.