ప్రాపర్టీ లిస్టులో ఏనుగు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల పాత కార్లున్న వాళ్లం ఓ ఆరుగురం ఉన్నాం. ఆదివారం తెల్లారకముందే చెక్‌పోస్ట్ దగ్గర కలుస్తాం. కేబీఆర్ పార్కు చుట్టూ ఓ చుట్టు తిరిగి, ఓపికుంటే బహదూర్‌పురాలో జూ పక్కనున్న సుధా కార్ మ్యూజియం దాకా వెళ్లొస్తాం. మొన్న చలికాలంలో ఢిల్లీలోని మా బోటి పాత కార్ల మిత్రులు రమ్మంటే రైలెక్కి వెళ్లాం. వాళ్ల కార్లలో మధుర జిల్లా చుర్మురాలోని ఏనుగుల ఆసుపత్రికి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చాం. వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ సంస్థ 2018 నవంబరులో తెరిచిన ఆసుపత్రి అది. మన దేశంలో ఏనుగుల కోసమే కట్టిన మొదటిది. ముప్పై ఏళ్లకు పైగా సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసినవాణ్ణి. ఆ ఒక్కరోజు నాకు నేర్పినవి, అంతకుముందే నేర్చుకోవాల్సినవి కలిపి రాస్తున్నాను.

1. టైరు అరుగుదల ఒక్కటే కాదు, తారీఖు కూడా చూడండి. టైరు పక్కభాగం మీద నాలుగంకెలు ఉంటాయి. 1411 అని ఉంటే 2011లో పద్నాలుగో వారం తయారైందని. పాత కార్లు తక్కువ తిరుగుతాయి, గాళ్లు చెక్కు చెదరవు, లోపల రబ్బరు మాత్రం చచ్చిపోయి ఉంటుంది. నెలల తరబడి ఒకేచోట నిలబెడితే బరువంతా ఒకే చోట పడి టైరు చదునవుతుంది కూడా. ఇప్పుడు పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నారు కాబట్టి పాత రబ్బరు గొట్టాలూ చూసుకోండి. ఇవన్నీ చూశాకే ఢిల్లీ మిత్రుడు తన ఫియట్ తాళం నా చేతికిచ్చాడు.

2. పాత బండిలో వెళ్లేటప్పుడు గంట ముందే బయలుదేరండి. ఆ ఆసుపత్రికి ముందుగా అనుమతి తీసుకుని, వాళ్లిచ్చిన వేళకే వెళ్లాలి. పొగమంచులో ఇరవై మీటర్ల అవతల ఏముందో కనబడలేదు. హెడ్‌లైట్లు పసుపుపచ్చగా మిణుకుమంటుంటే వరసగా, నెమ్మదిగా పోయాం.

3. ఏనుగును కాళ్ల దగ్గర్నుంచి చూడండి. మనమంతా తొండం చూస్తాం, దంతాలు చూస్తాం. అక్కడి డాక్టరు మమ్మల్ని దూరంగా కటకటాల ఇవతల నిలబెట్టి మొదట పాదాలు చూడమన్నారు. ఒక ముసలి ఆడ ఏనుగు కటకటాల సందులోంచి ముందుకాలు చాపి దిమ్మ మీద పెట్టింది. ఎవరూ అంకుశం ఎత్తలేదు. ఒకతను అరటిపళ్లు అందిస్తుంటే ఇంకొకతను ఆకురాయితో గోళ్లు అరగదీస్తున్నాడు. మూడు టన్నుల శరీరం ఆ నాలుగు పాదాల మీద. అరికాలి కింద కొవ్వు, నారలతో చేసిన మెత్తటి దిండులాంటిది ఉంటుంది. అడవిలో మట్టి మీద తిరిగినంతకాలం అది బాగానే ఉంటుంది. గట్టి గచ్చు మీద గొలుసుతో కట్టేసి నిలబెడితే, కాలే తారు మీద నడిపిస్తే అరికాలు పగులుతుంది, గోటి మొదట్లో చీము పడుతుంది. అది ఎముక దాకా పోతే ఇక బతకడం కష్టం. మనుషుల దగ్గర పెరిగే ఏనుగుల్ని ఎక్కువగా చంపే జబ్బుల్లో కాళ్లజబ్బు ఒకటట. అందుకే అక్కడ రోజూ మందునీళ్లలో పాదాలు నానబెడతారు, లేజర్ వైద్యం చేస్తారు, కీళ్లనొప్పులున్న వాటిని కొలనులోకి దింపుతారు, నీళ్లు బరువు మోస్తాయని. కదిపి తీసుకెళ్లలేని వాటికోసం ఎక్స్‌రే యంత్రాన్నే ఏనుగు దగ్గరకు తెస్తారు. ఆ ముసలిది ఒక కాలు దించి, అడక్కుండానే రెండో కాలు చాపింది. అప్పటిదాకా ఫోటోలు తీస్తున్నవాణ్ణి ఫోను జేబులో పెట్టేశాను.

4. చెవులు ఊపితే సంతోషమనుకోకండి. మాలో ఒకాయన మెకానిక్, ఏనుగు చెవిని చూసి "ఇది రేడియేటర్ కదండీ" అన్నాడు. నిజమే. గోళ్ల చుట్టూ తప్ప ఏనుగుకు చెమట పట్టదు. చెవుల్లోని రక్తనాళాల ద్వారా ఒంట్లో వేడి బయటికి పోతుంది.

ఆ మాట వినగానే నాకు కాళ్లలో సత్తువ పోయింది. తొంభైల మధ్యలో ఒక ఏప్రిల్‌లో, జూబ్లీహిల్స్ రోడ్డు మీద పెళ్లి ఊరేగింపు పాట తీశాం. ఏనుగును కుదిర్చింది నేనే. పొద్దున తొమ్మిదింటికి తెప్పించి తారురోడ్డు మీద నిలబెట్టాను. పట్టుబట్ట, జరీ కుచ్చులు, పైన అంబారీ. హీరో పదకొండున్నరకు వచ్చాడు. మధ్యాహ్నం రెండింటికి కూడా అది అక్కడే ఉంది. చెవులు ఆపకుండా ఊపుతోంది, ఒక్కో కాలూ ఎత్తి దించుతోంది. "పాటకు డాన్స్ చేస్తోంది చూడండి" అని యూనిట్ అంతా మురిసిపోయింది. ఆ షాటు పాటలో ఉంచారు, హాల్లో ఈలలు కూడా పడ్డాయి. మావటి రెండుసార్లు నా దగ్గరకొచ్చి నీడకు తీసుకెళ్తానన్నాడు. లైటు పోతుందని నేనే ఆపాను. అది డాన్సు కాదు, దాని కాళ్లు కాలుతున్నాయి. ఆ సంగతి తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్లూ, మధుర ప్రయాణమూ పట్టాయి.

5. ఏనుగు మీద ఎక్కుతారా అని ఎవరైనా అడిగితే, దాన్ని ఎలా లొంగదీశారో అడగండి. ఆ ఆసుపత్రిలో ఎక్కనివ్వరు. అక్కడున్నవాటిలో చాలా వరకు రోడ్ల మీద భిక్షాటనకు, పెళ్లిళ్లకు, సర్కస్‌లకు తిప్పినవే. కొన్నింటికి చూపు లేదు.

6. కాల్‌షీట్ రాసే తమ్ముళ్లూ, ఇది మీకు. మనవాళ్లకు ఏనుగంటే ప్రాణం. 1977లో "అడవి రాముడు", 1993లో "రాజేంద్రుడు గజేంద్రుడు" చూసి ఇంటికెళ్లి ఏనుగు కావాలని ఏడ్చిన పిల్లలు నాకు తెలుసు. పాతబస్తీలో మొహర్రం నాడు బీబీ కా ఆలం ఏనుగు మీదే, బోనాలప్పుడు అక్కన్న మాదన్న గుడి ఘటమూ ఏనుగు మీదే. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. అయితే 2001 నాటి నిబంధనల ప్రకారం సినిమాలో జంతువును వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తీసుకోవాలి. దాన్ని తలనొప్పి కాగితమనుకోకండి. మా రోజుల్లో అలాంటి కాగితం అడిగేవాళ్లుంటే ఆ ఏప్రిల్ మధ్యాహ్నం ఆ ఏనుగు ఏ మావిడిచెట్టు కిందో ఉండేది. గ్రాఫిక్స్‌లో చేయగలిగితే చేయండి. తప్పదంటే ముందు మావటిని అడగండి, తరవాత కెమెరామన్‌ని. మిట్టమధ్యాహ్నం ఎక్కడ నిలబడుతుంది, కాళ్ల కింద ఏముంది, రోజుకు నూట యాభై కిలోల దాకా మేత ఎవరు తెస్తారు, వంద లీటర్లు దాటే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి, ఇవన్నీ కాల్‌షీట్‌లో రాయండి.

7. పాత డైరీలు పారేయకండి. ఢిల్లీ నుంచి రాగానే అటక మీంచి ఆ ఏడాది డైరీ దించాను. ఆ రోజు పేజీ నా చేతిరాతే. భోజనాలు నూట నలభై, అందులో మావటి, అతని కొడుకు ఇద్దరూ ఉన్నారు. మేత అన్న మాట ఎక్కడా లేదు. కింద ప్రాపర్టీ లిస్టు: అంబాసిడర్ ఒకటి, పూలదండలు నలభై, ఏనుగు ఒకటి. కారు ఎండలో ఉంచొద్దు, రంగు పోతుంది, గుడ్డ కప్పాలి అని పక్కనే రాసుకున్నాను. ప్యాకప్ టైము ఉంది. ఏనుగును లారీ ఎక్కించిన టైము లేదు.