వెబ్‌సైటును కొనువారి కంట బడజేయు విధము



గడచిన మహాజనసభలో ఒక సభ్యుడు లేచి, "మన సంఘము ధనము వెచ్చించి వెబ్‌సైటు కట్టించి రెండు వేసవులు గడచినవి. దానిని చూచి వచ్చి ఒక పెట్టె మామిడిపండ్లు కొన్నవా డొక్కడైన గలడా?" యని యడిగెను. కార్యదర్శి బదులు చెప్పలేక తల వంచుకొనెను. ఆ కార్యదర్శిని నేనే.

ప్రశ్న న్యాయమైనది. పట్టణమున నొక యిల్లాలు పెట్టె పండ్లకు ఇచ్చు వెలకును, మండీలో కమీషను, హమాలీ, తరుగు పోగా మన చేతికి వచ్చు సొమ్మునకును ఎంత యంతరము గలదో మీ రెఱుగుదురు. ఆ యంతరములో కొంతయైన రైతునకు దక్కవలెననియే వెబ్‌సైటు కట్టించితిమి. కట్టించి ఊరకుంటిమి. డొంకయైన లేని చేని నడుమ కొట్టు పెట్టి, పేరుపలకను లోపలి గోడకు తగిలించి కూర్చున్నట్లయినది మన పని. సభ ముగిసిన పిమ్మట నేను కొంత చదివి, తెలిసినవారి నడిగి, మన వెబ్‌సైటును పుటపుటయు విప్పి చూచి, లోపము లెక్కడ నున్నవో తెలిసికొంటిని. వానినే ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాను.

మొదట గూగులు పని చేయు తీరు తెలియవలెను. హైదరాబాదులో నొకరు సెల్‌ఫోను తెఱచి "మామిడిపండ్లు" అని వ్రాసిన క్షణమున గూగులు లోకమంతయు వెదకి వచ్చుననుకొనుట పొరపాటు. అది ముందుగానే వెదకి పెట్టుకొని యుండును. దాని యంత్రములు రేయింబవళ్ళు ఒక పుటనుండి మఱియొక పుటకు లంకెల వెంబడి పోవుచుండును. లంకె యనగా వ్రేలితో తాకిన వెంటనే వేఱొక పుటను తెఱచు మాట. పోయిన చోట నెల్ల కనబడిన మాటలను, వెనుకటి కరణము అడంగలు వ్రాసికొన్నట్లు, వ్రాసికొని పట్టికలు కట్టుకొనును. అడిగినవారికి ఆ పట్టికలలోనుండి తీసి చూపును. పట్టిక కెక్కని పుట ఎంత సొగసుగా నున్నను లేనట్లే. మన పుటలకు లంకె పెట్టినవారు లేరు. మనమును గూగులునకు తెలిపినది లేదు. "సెర్చి కన్సోలు" అను సాధనమును గూగులువారు ఉచితముగా ఇచ్చుచున్నారు. అందు వెబ్‌సైటు మనదేయని రుజువు చూపి, మన పుటల జాబితాను దాఖలు చేయవలెను. ఈ పని గత నెలలో ముగించితిని.

పట్టిక కెక్కినంత మాత్రమున పైవరుసలో చోటు దొరకదు. 1998వ సంవత్సరమున గూగులును స్థాపించిన లారీ పేజి, సెర్గీ బ్రిన్ అనువారు స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున చదువుకొనునాడు ఒక యుపాయము కనిపెట్టిరి. ఒక పుటకు ఇతరులు పెట్టిన లంకెలను సాక్ష్యములుగా నెంచుటయు, సాక్షి పరువు గలవాడైనచో ఆ సాక్ష్యమునకు ఎక్కువ విలువ కట్టుటయు నా యుపాయము. నేడు గూగులు ఇంకను అనేక విషయములు చూచునుగాని ఈ మూలము చెడలేదు. మన పండ్లు కొన్న కాలనీ సంఘమువారో, మన తోటలను చూచిపోయిన పత్రికవారో తమ పుటలో మన పేరు చెప్పి లంకె పెట్టినచో అది మంచి సాక్ష్యము. అట్టివారిని అడుగుటకు సిగ్గుపడ నక్కఱలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది మాటల విషయము. మన వెబ్‌సైటు మొదటి పుటపై ఇంగ్లీషున "ప్రీమియం క్వాలిటీ ఆగ్రో ప్రొడక్ట్సు" అని యున్నది. ఆ మాటలు వ్రాసి మామిడిపండ్లు వెదకువా రెవరు? దాని క్రింద అధ్యక్షులవారి ఛాయాపటము నిలువెత్తున నున్నది. పండు బొమ్మ అడుగున ఎక్కడనో చిన్నదిగా నున్నది. అధ్యక్షులవారు నన్ను క్షమింతురుగాక, కొనవచ్చినవారికి కావలసినది పండు.

కొనువారి నోట నే మాట వచ్చునో ఆ మాటయే పుటలో నుండవలెను. మనము బంగినపల్లి యందుము. బనగానపల్లె యని ఊరి పేరుతో వ్రాయువారు గలరు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినది ఈ పేరు మీదనే. హైదరాబాదున బేనిషాన్ అని యడుగువారు గలరు. ఢిల్లీ బజారులో ఆ పండే సఫేదా. మన పుటలో ఒక్క పేరే యున్నయెడల తక్కిన పేర్లతో వెదకువారు మన యెదుటనుండియే వేఱొకరి కొట్టునకు పోవుదురు. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములతో వ్రాయువారు ఒక్కొక్కరొక తీరున వ్రాయుదురు. నోటితో పలికి వెదకువారును గలరు. కావున "బంగినపల్లి మామిడి, దీనినే బేనిషాన్ అనియు, ఉత్తరాదిని సఫేదా యనియు అందురు" అని మొదటి పంక్తులలోనే తెలుగునను ఇంగ్లీషునను సహజముగా వ్రాయవలెను. చిన్నరసము, పెద్దరసము, సువర్ణరేఖ యను రకములకు వేర్వేఱు పుటలుండవలెను. అన్నిటిని ఒక్క పుటలో కుక్కినచో ఏ రకమునకును ఆ పుట సరియైన సమాధానము కాదు.

ఇంకను ఏమి వ్రాయవలెనో తెలిసికొనుటకు పండితుల నడుగ బనిలేదు. కోతల కాలమున నాకు ఫోను చేసినవారు అడిగిన ప్రశ్నలను జ్ఞప్తికి తెచ్చుకొంటిని. "కార్బైడు వేసినారా? పెట్టెకు ఎన్ని కిలోలు? ఎన్ని కాయలు? మా యింటికి పంపుదురా? ఏ వారమునకు వచ్చును? చెడిన కాయకు బదులిత్తురా?" ఫోనులో అడుగు ప్రశ్నయే గూగులులోను వ్రాయుదురు. ఒక్కొక్క ప్రశ్నకు పుటలో సూటిగా జవాబుండవలెను. కార్బైడును గూర్చి "మేము వాడము" అని యొక్క ముక్క వ్రాసిన చాలదు. అందఱును అట్లే యందురు. కార్బైడుతో మాగవేయుట ఆహార భద్రతా నియమములచే నిషిద్ధమనియు, ఇథిలీను వాయువును పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు మించకుండ వాడుటకు అనుమతి గలదనియు, మన సంఘమున కాయ నేరీతిగా మాగవేయుదుమో, ఎన్ని దినములు పట్టునో, బొమ్మలతో వ్రాయవలెను. పనివారి చేతులలోనున్న యిట్టి సంగతి ఇతరులు నకలు వ్రాసికొన లేనిది.

ప్రతి పుటకును ఒక శీర్షిక యుండును. వెదకినవారికి పెద్ద యక్షరములలో సాధారణముగా కనబడునది యిదియే. మన శీర్షిక యిదివఱకు "హోమ్" అని యుండెను! దానిని మార్చి "బంగినపల్లి మామిడిపండ్లు, కార్బైడు లేక మాగవేసినవి, రైతు సంఘమునుండి హైదరాబాదునకు" అని పెట్టించితిని. బొమ్మలు కెమెరాలోనుండి తీసినవి తీసినట్లే పెట్టుటచే పుట తెఱచుకొనుటకు చాల సేపు పట్టుచుండెను. వానిని చిన్నవిగా చేయించితిని. గూగులు నేడు సెల్‌ఫోనులో కనబడు రూపమునుబట్టియే పుటను పరీక్షించునుగావున, చిన్న తెరమీద చదువ వీలుకాని పుట దండుగ.

కాలమును గూర్చి యొక మాట. క్రొత్త పుటను గూగులు గుర్తించి తగిన చోట నిలుపుటకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును. కోతనాడు పుట వ్రాయుట, వాన దిగిన పిమ్మట చెఱువు గండి పూడ్చబోవుట వంటిది. పూత కనబడునప్పటికే పుట సిద్ధముగా నుండవలెను. ఏటేట క్రొత్త పుట తెఱువక, పాత పుటలోనే వెలలు, తేదీలు మార్చుచుండవలెను. వెనుకటి సంవత్సరములలో దానికి వచ్చిన లంకెలు, పలుకుబడి యట్లయిన వ్యర్థము కావు.

ఇక మోసములు. "గూగులులో మొదటి చోటు మీదే, పూచీ నాది" యని చెప్పి వచ్చినవాని కొకనికి మనము బయానా ఇచ్చిన సంగతి మీలో కొందఱికి తెలియును. అతడు మనకు సంబంధము లేని విదేశపు పుటలలో రాశులుగా లంకెలు పెట్టించి పోయెను. మొదటి చోటునకు ఎవ్వరును పూచీ పడజాలరని గూగులువారే చెప్పుచున్నారు. కొన్న లంకెలు దొంగసాక్ష్యములు. 2012లో "పెంగ్విన్" అను పేర చేసిన మార్పునుండి గూగులు అట్టివానిని పట్టి, ఆ పుటలను క్రిందికి త్రోయ మొదలిడినది. తెల్లని తెరపై తెల్లని యక్షరములతో మాటలు దాచి వ్రాయుటయు అట్టిదే. చూచువారికి కనబడని "కీవర్డులు" అను వరుసలో వందమాటలు వ్రాసి సొమ్ము పుచ్చుకొనువారు నేటికిని గలరు. ఆ వరుసను తాము లెక్కింపమని గూగులువారు 2009లోనే ప్రకటించిరి. ప్రకటన వేఱు. డబ్బు కట్టినచో, అది డబ్బు కట్టి పెట్టించినదని తెలుపు గుఱుతుతో కొన్ని దినములు పైని చూపుదురు. కట్టుట మానిన దినమున అది మాయమగును. కోతల వారములలో కొద్దిగా వాడుకొనవచ్చును.

మఱియొక నష్టమును చెప్పక తప్పదు. మన వెబ్‌సైటు పేరును, కట్టించి ఇచ్చినవాడు సంఘము పేర గాక తన పేర రిజిస్టరు చేయించుకొనెను. రెండవ యేట గడువు పొడిగించుటకు అతడడిగినంత ఇచ్చుకొనవలసి వచ్చెను. పొలము కొన్నవాడు దస్తావేజు తన పేర వ్రాయించుకొనడా? ఆ తప్పు నాది. ఇప్పుడు పేరు సంఘమునకు మాఱినది. రహస్యపదములు కవరులో ముద్ర వేసి బీరువాలో నున్నవి.

గూగులు పటములో సంఘము గిడ్డంగిని నమోదు చేయుట ఉచితము. వేళలు, ఫోను సంఖ్య, బొమ్మలు పెట్టవలెను. కొన్నవారిని అభిప్రాయము వ్రాయుడని కోరవచ్చునుగాని, మన సభ్యులే మాఱుపేర్లతో పొగడ్తలు వ్రాయుట నియమములకు విరుద్ధము. నింద వచ్చినచో కోపపడక, జరిగినది ఒప్పుకొని జవాబు వ్రాయవలెను.

సామాజిక మాధ్యమముల పని వేఱు. గూగులు, కావలెనని వెదకువానిని మనవద్దకు తెచ్చును. వాట్సాపు, ఫేసుబుక్కు, ఇన్‌స్టాగ్రాములు, వెదకని వానికి మనము గలమని దండోరా వేయును. దండోరా వెంటనే యణగిపోవును. నేటి బొమ్మ రెండు దినములలో అడుగున పడును. అందలి లంకెలను గూగులు సాధారణముగా సాక్ష్యములుగా ఎంచదు. అయినను వానిని చూచి మనుష్యులు వత్తురు, అది చాలును. యూట్యూబు కొంత వేఱు. 2006లో గూగులువారే దానిని కొనిరి. అందలి చిత్రములు గూగులులోను కనబడును, ఏండ్ల తరబడి నిలుచును. తొడిమెతో కాయ కోయుట, సొన కార్చుట, గడ్డి పఱచి పెట్టెలో పేర్చుట, వీనిని మన తోటలోనే సెల్‌ఫోనుతో తీసి, బంగినపల్లి యను పేరు శీర్షికలో నుంచి పెట్టిన చాలును. పాటలు, ఆర్భాటములు అక్కఱలేదు.

మనకు ఎక్కువ పనికివచ్చునది వాట్సాపు. కొనువారిని గ్రూపులో చేర్పరాదు. ఒకరి ఫోను సంఖ్య అందఱికి తెలియుటకు ఎవ్వరు నొప్పుకొనరు. దానికి బదులు "బ్రాడ్‌కాస్టు" జాబితా కట్టవలెను. ఒక జాబితాలో 256 మంది వఱకు చేర్పవచ్చును. ఎవరి వార్త వారికే విడిగా చేరును. అయితే మన సంఖ్యను తమ ఫోనులో వ్రాసిపెట్టుకొన్నవారికి మాత్రమే అది యందును. ఈ సంగతి తెలియక గత వేసవిని నేను పంపిన వార్తలు పెక్కు గాలికి పోయినవి. ఇకముందు ప్రతి పెట్టెలోను ఒక చీటి యుంచి, సంఘము సంఖ్యను ఫోనులో చేర్చుకొని "కోతలు తెలుపుడు" అని యొక ముక్క పంపుడని కోరుదము. అట్లు సమ్మతించినవారికే వార్త పంపుదము, అదియు నెలకు ఒకటి రెండు మాఱులకు మించరాదు.

పరుల చావడిలో అంగడి పెట్టినవాడు చావడివాని దయమీద నుండును. ఆర్కుటులో ఎందఱో చేరియుండగా 2014 సెప్టెంబరు 30న దానిని మూసివేసిరి. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు అందు లక్షలమంది అభిమానులను కూర్చుకొన్నవారికి ఆ మందలో ఒక్కరి చిరునామాయైన చేతిలో మిగులలేదు. అందుచేత ఏ మాధ్యమమున నేమి పెట్టినను, అడుగున మన వెబ్‌సైటు లంకె యుండవలెను. కొన్నవారి పేర్లు సంఘము పుస్తకమున నెక్కవలెను.

ఇటీవల గూగులు కొన్ని ప్రశ్నలకు కృత్రిమ మేధచే తానే సమాధానము కూర్చి పైని చూపుచున్నది. అది చదివి, ఏ పుటయు తెఱువక పోవువా రుందురు. కాని మన తోటలో ఈ వారము కోత గలదా, పెట్టె వెల యెంత, ఎన్ని పెట్టెలు మిగిలినవి యను సంగతులకు మనవద్దకు రాక తప్పదు. వానిని కోతల కాలమున దినదినము పుటలో మార్చుట నా పని.

సెర్చి కన్సోలులో, ఏ మాటలు వెదకినప్పుడు మన పుట కనబడెనో, ఎందఱు తెఱచిరో లెక్క కనబడును. దానిని ప్రతి నెలయు పాలకవర్గము ముందు జమాఖర్చుతో పాటు చదివెదను. ఫోను చేసిన ప్రతివారిని "మా సంగతి మీ కెట్లు తెలిసినది?" అని యడిగి రిజిస్టరులో వ్రాసెదను. వచ్చు మహాజనసభలో ఆ సభ్యుడు మరల లేచి యడుగవచ్చును. ఈ మాఱు పుస్తకము తెఱచి చూపెదను.

సభ్యులు చేయవలసిన దొకటి గలదు. పూత కనబడకముందే ఒక్కొక్కరు తమ తోటలోని చెట్ల రకములు, ప్రతి రకమునకు తమ యింట వాడుకలోనున్న పేర్లు, సామాన్యముగా కోత మొదలగు వారము, మాగవేయు తీరు ఒక కాగితముపై వ్రాసి కార్యాలయమున నీయవలెను. వ్రాయుట రానివారు సాయంకాలము వచ్చి చెప్పినచో నేను వ్రాసికొందును.