రాత్రి అన్నం మానేసినా పొద్దున షుగర్ ఎందుకు పెరుగుతుంది?

“రాత్రి ఒక్క రొట్టెనే తిన్న, అయినా పరగడుపున షుగర్ 180 వచ్చింది. ఇగ గోలీలు ఎందుకు?” అని చాలామంది అనుకుంటారు. జవాబు మన కార్జంలో, అంటే కాలేయంలో ఉంది.

కాలేయం ఏం చేస్తుంది?
మన రక్తం మొత్తంలో ఉండే చక్కెర ఒక చెంచాడే, సుమారు 5 గ్రాములు. నిద్రలో కూడా మెదడుకు చక్కెర కావాలి. అందుకే తిన్నప్పుడు కాలేయం కొంత చక్కెర దాచుకుంటుంది, రాత్రి దాన్ని రక్తంలోకి వదులుతుంది. దాచింది తగ్గేకొద్దీ కొత్తగా తయారు చేస్తుంది.

జన్యువుల పని ఏమిటి?
ఈ తయారీకి కావలసిన ఎంజైములు చేయించేవి పీసీకే1, జీ6పీసీ అనే జన్యువులు. వీటిని నడిపించేది ఫాక్సో1 అనే ప్రోటీన్. మనం తినగానే ఇన్సులిన్ వచ్చి ఫాక్సో1ను కణ కేంద్రకం నుంచి బయటకు పంపిస్తుంది. తయారీ తగ్గుతుంది. చక్కెరను పట్టి దాచుకోవడానికి సాయపడే గ్లూకోకైనేజ్ జన్యువు పని పెరుగుతుంది.

షుగర్ జబ్బులో ఏం జరుగుతుంది?
టైప్ 2 షుగర్‌లో కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినదు. మోటర్ బంద్ చేసే స్విచ్ పనిచేయనట్టే. రక్తంలో చక్కెర నిండుగా ఉన్నా తయారీ ఆగదు. జన్యువులు పాడైపోయాయని కాదు, వాటిని అదుపు చేసే కబురు సరిగా అందడం లేదని అర్థం. అందుకే ఒక పూట తిండి మానేస్తే జబ్బు పోదు.

మరి గోలీ ఎందుకు?
మెట్‌ఫార్మిన్ గోలీ ముఖ్యంగా కాలేయం చేసే ఈ తయారీనే తగ్గిస్తుంది. ఒంట్లో బాగుందని ఆపేస్తే తయారీ మళ్లీ పెరుగుతుంది. అలా ఏళ్ల తరబడి పెరిగిన చక్కెర కళ్లను, కిడ్నీలను, కాళ్ల నరాలను దెబ్బతీస్తుంది.

మీరు చేయవలసినవి:
• 30 ఏళ్లు దాటినవారు బీపీ, షుగర్ పరీక్షలు చేయించుకోండి. ఎన్‌సీడీ కార్యక్రమం కింద ప్రభుత్వ దవాఖానల్లో పరీక్షలు, మందులు ఉచితం. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి.
• పరగడుపు పరీక్షకు ముందు 8 గంటలు ఏమీ తినవద్దు, నీళ్లు తాగవచ్చు. 100 లోపు మామూలు. 100 నుంచి 125 ఉంటే జాగ్రత్త పడాలి. 126, ఆపైన వస్తే మళ్లీ పరీక్ష చేయించి డాక్టర్‌కు చూపించాలి.
• గోలీలు అయిపోకముందే మళ్లీ తెచ్చుకోండి. నాటు మందు వాడుతుంటే డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. దాని కోసం గోలీ మానవద్దు.
• తునికాకుకు, మిర్చి ఏరడానికి తెల్లారకముందే పోయేవారు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవారు, తినకుండా పోవద్దు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగండి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.
• రోజూ నడవండి, నడుము చుట్టు కొవ్వు తగ్గించుకోండి. అప్పుడు కాలేయం ఇన్సులిన్ మాట మళ్లీ వింటుంది.

ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లకు ఇది చదివి వినిపించండి.