గోదావరి గట్టు చిత్రకారులు

రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. గోదావరినీ ఆ పరిసరాలనూ కళ్లారా చూసి గీయమని శిష్యులను ప్రోత్సహించారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన శిష్యులే. బాపిరాజును నవలాకారుడిగానే గుర్తుపెట్టుకున్నవారు పరీక్షలో ఇక్కడే మార్కు పోగొట్టుకుంటారు; ఆయన చిత్రకారుడు కూడా.

రామారావు 1897లో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివొచ్చి, రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల పెట్టారు. 1925లో మశూచి ఆయన్ను పొట్టనబెట్టుకుంది. 28 ఏళ్లయినా నిండలేదు. తెలుగు చిత్రకళకు అంతటి నష్టం మరొకటి లేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బడిని నిలబెట్టారు. రామారావు చిత్రాలు అక్కడి దామెర్ల ఆర్ట్ గ్యాలరీలో ఉన్నాయి. ఆయన చిత్రం ‘పుష్పాలంకారం’ పేరు గుర్తుంచుకోండి.

విజయనగరంలో చిత్రకళ నేర్పిన అంట్యాకుల పైడిరాజుది వేరే పరంపర; ఆయన మద్రాసులో దేవీప్రసాద్ రాయ్ చౌదరి శిష్యుడు. కూల్డ్రే, రాయ్ చౌదరి పరంపరలను కలిపేయవద్దు.