కష్టపు ఈతలో పుట్టిన దూడ: తొలి ఊపిరి, తొలి గంటలు

ఆవు ఈనిందనగానే ఇరుగుపొరుగువారు వేసే మొదటి ప్రశ్న “పెయ్యా, కోడెదూడా?” అని. ఈత సుఖంగా జరిగితే ఆ ప్రశ్న చాలును. గంటల కొద్దీ ముక్కి, తాళ్ళు కట్టి లాగిన తరువాత పుట్టిన దూడ విషయంలో మాత్రం అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: “ఊపిరి ఎలా తీస్తున్నది?” అటువంటి దూడ ప్రాణంతో బయటపడినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. పుట్టగానే కదిలిన దూడ ఆ రాత్రే చల్లబడిపోవడం, లేదా వారం తిరగకుండా పారుడు రోగంతో పోవడం పాడి కుటుంబాలకు తెలియనిది కాదు. దానికి మూలం చాలాసార్లు ఈత సమయంలో ఏర్పడిన ప్రాణవాయువు కొరతలోనే ఉంటుంది. నగరంలో ఒకటి రెండు సంకరజాతి ఆవుల మీద ఇల్లు గడుపుకొనేవారికి పెయ్యదూడ పోవడమంటే రేపటి పాడి పోవడమే. దూడ లేనిదే చేపని పశువుల్లో నేటి పాలు కూడా తగ్గుతాయి.

గర్భం నుండి గాలిలోకి

ఆవు చూడికాలం సుమారు 280 రోజులు. అన్నాళ్ళూ దూడ ఊపిరితిత్తులలో ఉండేది గాలి కాదు, నీరు. తల్లి రక్తంలోని ప్రాణవాయువు మాయ గుండా, బొడ్డుతాడు గుండా దూడకు అందుతుంది. పుట్టే వేళ బొడ్డుతాడు తెగుతుంది. అప్పుడు దూడ రక్తంలో కార్బన్ డయాక్సైడు పెరిగి, మెదడులోని శ్వాసకేంద్రాన్ని మేలుకొలుపుతుంది. ఒంటికి తగిలే చల్లగాలి, తల్లి నాకుడు అందుకు తోడవుతాయి. దూడ గట్టిగా గాలి పీల్చుతుంది. ఊపిరితిత్తులలోని నీటిలో అధికభాగం ముక్కు గుండా బయటికి రాదు. లోపలనే రక్తంలోకి ఇంకిపోతుంది. సుఖంగా పుట్టిన దూడ సాధారణంగా మొదటి నిమిషంలోపే ఊపిరి అందుకొంటుంది.

ఈత ఆలస్యమైతే జరిగేది

నొప్పి వచ్చిన ప్రతిసారీ గర్భసంచి బిగిసి, మాయలో రక్తప్రసారం కొంతసేపు తగ్గుతుంది. నొప్పికీ నొప్పికీ నడుమ దూడ తేరుకొంటుంది. ఈత గంటల తరబడి సాగితే ఆ తేరుకొనే వ్యవధి చాలదు. బొడ్డుతాడు తల్లి కటి ఎముకకూ దూడ ఒంటికీ మధ్య నలిగితే కొరత మరింత పెరుగుతుంది. ప్రాణవాయువు లేకుండానే కండరాలు శక్తిని తయారు చేసుకోవడం వలన లాక్టిక్ ఆమ్లం చేరుతుంది. బయటికి పోవలసిన కార్బన్ డయాక్సైడు నిలిచిపోయి, అదీ రక్తపు ఆమ్లత్వాన్ని పెంచుతుంది.

కొద్దిపాటి ఆమ్లత్వం ప్రతి ఈతలోనూ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న దూడ దానిని కొన్ని గంటలలో సరిచేసుకొంటుంది. హద్దు మీరినప్పుడే ప్రమాదం. శ్వాసకేంద్రాన్ని మేలుకొలపవలసిన మార్పే అతిగా పెరిగి దానిని మొద్దుబారుస్తుంది. ఊపిరి మందగిస్తే ఆమ్లత్వం పెరుగుతుంది. ఆమ్లత్వం పెరిగితే ఊపిరి ఇంకా మందగిస్తుంది. ఈ చక్రాన్ని తెంచడమే తొలి నిమిషాలలోని చికిత్స.

కడుపులో ఉక్కిరిబిక్కిరైన దూడ అక్కడే పేడ వేస్తుంది. అందుకే ఒళ్ళంతా పసుపు మరకలతో పుట్టిన దూడను కష్టపడి వచ్చినదిగా గుర్తించాలి. అది లోపలనే గాలికోసం నోరు తెరిస్తే ఆ మురికి నీరు ఊపిరితిత్తులలోకి పోతుంది. నలుగురైదుగురు కలిసి బలంగా లాగితే పక్కటెముకలు విరిగి, ఊపిరి తీయడమే బాధాకరమవుతుంది.

ఎదురుకాళ్ళతో వచ్చే దూడకు ముప్పు ఎక్కువ. దాని నడుము బయటికి వచ్చేసరికి తల ఇంకా లోపలనే ఉంటుంది. బొడ్డుతాడు మాత్రం అప్పటికే నలుగుతుంది. అక్కడినుండి కొద్ది నిమిషాలలో దూడ పూర్తిగా బయటపడాలి. ముందు కనబడిన కాళ్ళ గిట్టల అడుగుభాగం పైకి తిరిగి ఉంటే అవి వెనుకకాళ్ళు కావచ్చునని అనుమానించి, లాగకుండా వెంటనే పశువైద్యుని పిలవాలి.

దూడ పరిస్థితిని అంచనా వేయడం

అప్పుడే పుట్టిన శిశువును చూసి మార్కులు వేసే పద్ధతిని అమెరికా వైద్యురాలు వర్జీనియా అప్గార్ 1952లో రూపొందించారు. పశువైద్యులు అదే తరహా పరీక్షను దూడలకు అనువుగా మార్చుకొన్నారు. ఇంటివారు కూడా చూడదగినవి నాలుగు:

1. ముఖం మీద చల్లని నీరు పడితే తల విదిలిస్తున్నదా?
2. నోట్లో వేలు పెడితే చీకుతున్నదా?
3. నాలుక, చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయా, నీలివర్ణం తిరిగాయా? నాలుక వాచిందా?
4. ఊపిరి క్రమంగా ఉన్నదా, లేక అప్పుడప్పుడూ ఎగశ్వాస మాత్రమే కనబడుతున్నదా?

వీటికి తోడు గడియారమూ చూడాలి. చురుకైన దూడ సుమారు ఐదు నిమిషాలలో తల ఎత్తి, రొమ్ము మీద నిలదొక్కుకొని కూర్చుంటుంది. గంట రెండు గంటలలో లేచి నిలబడుతుంది. పదిహేను నిమిషాలైనా పక్కవాటుగానే పడి ఉన్న దూడకు వైద్యసహాయం అవసరం. ఊపిరి కనబడకపోయినా, ఎడమ మోచేతి వెనుక ఛాతీపై చేయి ఉంచినప్పుడు గుండె కొట్టుకొంటూ ఉంటే ఆశ వదలరాదు.

తొలి నిమిషాలలో చేయవలసినవి

మొదట ముక్కు, నోటిలోని జిగురును చేతితో తీసివేయాలి. వెంటనే దూడను రొమ్ము మీద కూర్చోబెట్టి, వెనుకకాళ్ళను రెండు పక్కలా ముందుకు చాపాలి. పక్కకు పడి ఉన్న దూడలో కింది ఊపిరితిత్తి నలిగి ఉంటుంది. కూర్చోబెడితే రెండూ విచ్చుకొంటాయి. ఖర్చు లేనిది, అన్నిటికంటే ముఖ్యమైనది ఈ పనియే.

తరువాత శుభ్రమైన గడ్డిపరకతో ముక్కురంధ్రంలో కదిలించాలి. తలమీద, చెవిలో కొద్దిగా చల్లని నీరు పోయాలి. పొడి గోనెపట్టతో వీపును, ఛాతీని గట్టిగా రుద్దాలి. చల్లని నీరు మేలుకొలుపుకు మాత్రమే, ఒళ్ళంతా తడపరాదు.

దూడను వెనుకకాళ్ళతో తలకిందులుగా వేలాడదీయడం చాలాచోట్ల అలవాటు. అప్పుడు కారే నీటిలో ఎక్కువ భాగం ఊపిరితిత్తులది కాదు, కడుపులోనిది. అదే సమయంలో పేగుల బరువు ఛాతీ మీద పడి ఊపిరికి అడ్డు తగులుతుంది. తిప్పి ఊపడం, కొట్టడం వలన కూడా మేలు లేదు.

నోటితో ఊదరాదు. ఈత నీటిలో బ్రూసెల్లోసిస్ వంటి రోగాల క్రిములు ఉండవచ్చు. అవి మనిషికి సోకి దీర్ఘకాలపు జ్వరాలను, కీళ్ళనొప్పులను కలిగిస్తాయి. ఈత పనిలో చేతి తొడుగులు వాడాలి. చూలింతలు, పిల్లలు దూరంగా ఉండాలి. ప్రాణవాయువు పెట్టడం, ఊపిరిని ప్రేరేపించే మందు ఇవ్వడం పశువైద్యుని పని.

ఊపిరి అందిన తరువాత

కష్టపు ఈత ప్రభావం ఇక్కడితో ఆగదు. ఆమ్లత్వం తగ్గని దూడ మగతగా ఉంటుంది, ఆలస్యంగా లేస్తుంది, పొదుగు వెదకదు. దూడ రోగనిరోధక శక్తి దాదాపు అంతా ముర్రుపాల నుండి రావలసినదే. ముర్రుపాలలోని రక్షక పదార్థాలను పేగులు గ్రహించే శక్తి గంట గంటకూ తగ్గి, ఒక రోజుకు దాదాపు ఆగిపోతుంది. తొలినాడు ఊపిరికి కష్టపడిన దూడకు తరువాతి వారాలలో పారుడు, న్యుమోనియా రావడానికి ఇదొక దారి.

కనుక దూడ లేచేదాకా ఆగకుండా, ముర్రుపాలు పిండి సీసాతో పట్టాలి. మొదటి ఆరు గంటలలో దాని బరువులో పదోవంతు, అంటే 30 కిలోల దూడకు సుమారు 3 లీటర్లు, రెండు మూడు విడతలుగా అందాలి. చీకలేని దూడ గొంతులో పాలు పోస్తే ఊపిరితిత్తులలోకి పోతాయి. దానికి గొట్టం ద్వారా పట్టించడానికి వైద్యుని పిలవాలి. ప్రాణవాయువు కొరతపడిన దూడ తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. పొడిగా తుడిచి, మందపాటి గడ్డి పరుపు మీద, గాలి విసురు తగలని చోట ఉంచాలి. బొడ్డును టింక్చరు అయోడిన్‌లో ముంచాలి.

ఈతకు ముందే

నీటిసంచి గానీ కాళ్ళు గానీ కనబడిన తరువాత ఆవు గంటసేపు ముక్కినా దూడ ముందుకు రాకపోతే పశువైద్యుని పిలవాలి. ఒక కాలే వచ్చినా, తల మాత్రమే వచ్చినా, తోక మాత్రమే కనబడినా ఆ గంట కూడా ఆగరాదు. దేశంలోని చాలా రాష్ట్రాలలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనపు సేవ లభిస్తుంది. వైద్యుడు వచ్చేలోగా ఆవును పొట్టితాడుతో నున్నని బండల మీద కట్టి ఉంచక, జారని నేల మీద, పడుకొని లేవడానికి చోటు ఉండేలా వదలాలి.

అంతకుముందే తీసుకొనే నిర్ణయాలు మరికొన్ని ఉన్నాయి. సంకరజాతి పెయ్యకు సుమారు 250 కిలోల బరువు వచ్చాకనే సూది వేయించాలి. చిన్న ఒడ్డు పెయ్యకు పెద్దజాతి ఆంబోతు వీర్యం వాడకుండా వైద్యునితో ముందే మాట్లాడాలి. చూడి చివరి నెలల్లో అతిగా కొవ్వు పట్టనీయరాదు.

ఈత ముగిశాక మాయను మురుగుకాల్వలో గానీ చెత్తకుండీలో గానీ వేయరాదు. కుక్కలకు అందని లోతున గుంత తీసి, సున్నం చల్లి పూడ్చాలి. ఖాళీ స్థలం లేని పేటలవారు ఈత తేదీకి ముందే పురపాలక ఆరోగ్య విభాగాన్ని అడిగి ఏర్పాటు చేసుకోవాలి.

చర్చకు ప్రశ్నలు

1. తలకిందులుగా వేలాడదీసిన దూడకు ఊపిరి ఎందుకు కష్టమవుతుంది?
2. ఊపిరి మందగించడానికీ, వారం తరువాత వచ్చే పారుడుకూ సంబంధమేమిటి?
3. మీ కొట్టంలో రాత్రివేళ ఆవు ఈనితే గోనెపట్ట, అయోడిన్, పాలసీసా, వైద్యుని నంబరు వెంటనే చేతికందుతాయా?