పంట తెగులును సెల్‌ఫోనులో ఫోటో తీయు విధానము



పూర్వము పైరుకు తెగులు సోకినచో రోగము తగిలిన ఆకును కాగితములో చుట్టి, బస్సెక్కి, వ్యవసాయాధికారి వద్దకు తీసికొని పోవలసి యుండెను. అంతలో ఆకు వాడి, మచ్చ రంగు మారిపోయెడిది. నేడు మీ చేతిలోని సెల్‌ఫోను ఆ పనిని క్షణములో చేయును. అయితే ఫోటో మసకగా నున్నను, రంగు మారినను, చూపవలసిన భాగమును చూపకున్నను, దానిని బట్టి తెగులును నిర్ణయించుట ఎవరికిని సాధ్యము కాదు. నిర్ణయము తప్పినచో మందు తప్పును. మందు తప్పినచో డబ్బును, అదనును రెండును పోవును. కనుక ఫోటో తీయుటను కూడ సేద్యపు పనులలో ఒకటిగా నేర్చుకొనవలెను.

ఒక్క ఫోటో చాలదు

వేరుశనగనే తీసికొనుడు. తిక్క ఆకుమచ్చ తెగులు రెండు విధములు. ముందుగా వచ్చు దానిలో ఆకు పైభాగమున గోధుమరంగు మచ్చలు, వాటి చుట్టు పసుపు వలయము కనబడును. ఆలస్యముగా వచ్చు దానిలో మచ్చలు చిన్నవిగా, గుండ్రముగా నుండి, ఆకు అడుగున నల్లగా నుండును. తుప్పు తెగులైనచో అడుగుభాగమున ఇటుకరంగు పొక్కులు లేచును. ఆకు పైభాగము మాత్రమే తీసి పంపినచో ఈ భేదము తెలియదు. అందుచేత ఏ పైరుకైనను ఈ ఐదు ఫోటోలు తీయవలెను.

1. చేను: గెనిమపై నిలబడి తీయవలెను. తెగులు అక్కడక్కడ గుంపులుగా నున్నదో, అంచులందున్నదో, కయ్య అంతటను ఉన్నదో ఇందు తెలియును.

2. ఒక మొక్క పూర్తిగా: లేతాకులు, ముదురాకులు రెండును కనబడవలెను. లేతాకులు పసుపెక్కి ఈనెలు మాత్రము పచ్చగా నున్నచో ఇనుపధాతు లోపమును అనుమానింపవచ్చును. ముదురాకులు ముందుగా పసుపెక్కినచో నత్రజని లోపము కావచ్చును.

3. ఆకు పైభాగము: పూర్తిగా ఎండిన ఆకును తీయరాదు. సగము ఆరోగ్యముగాను, సగము తెగులుతోను ఉన్న ఆకును ఎన్నుకొనవలెను. మచ్చ అంచునందే తెగులు గుర్తులు స్పష్టముగా నుండును.

4. అదే ఆకు అడుగుభాగము.

5. వేరు, కాండము, కాయ లేక పురుగు: మొక్క వడలినచో వేరుతో సహా పెరికి, మన్ను దులిపి, మొదలు వద్ద తీయవలెను. మొదలుకుళ్ళు తెగులైనచో అచ్చట తెల్లని బూజును, ఆవగింజలవంటి గుండ్రని గింజలును కనబడును.

టమాట ఆకులో పురుగు తొలిచిన పొర ఉన్నచో మరియొక ఫోటో తీయవలెను. ఆకును ఆకాశమునకు ఎదురుగా పట్టి, వెలుతురు ఆకు గుండ వచ్చునట్లు తీసినచో, లోపలి పురుగు నీడవలె కనబడును. మన దేశములో 2014లో మహారాష్ట్రలో మొదట కనబడిన ట్యూటా పురుగు ఆకులో వెడల్పయిన పొక్కువంటి పొరలు చేయును. మామూలు ఆకుతొలుచు పురుగు పామువలె వంకరటింకర చారలు చేయును.

కెమేరాను సిద్ధము చేయుట

మొదట కెమేరా అద్దమును తుడువవలెను. జేబులోని దుమ్ము, చేతి చెమట, మందునీటి తుంపరలు అద్దముపై పొరవలె పేరుకొనును. ఫోటో మసకగా వచ్చుటకు ఇది తరచుగా కారణమగును. మెత్తని పొడి నూలుగుడ్డతో తుడిచిన చాలును. మందు అంటిన చేతులను కడుగుకొనిన పిమ్మటనే ఫోను ముట్టవలెను.

ఆకునకు మరీ దగ్గరగా పోరాదు. పెక్కు ఫోనుల కెమేరాకు సుమారు 10 సెంటీమీటర్లకు తక్కువ దూరములో వస్తువు స్పష్టముగా కనబడదు. జానెడు దూరమున పట్టుకొని, తెరపై మచ్చ ఉన్నచోట వేలితో ఒకసారి తాకి, కెమేరా కుదురుకొనిన తరువాత తీయవలెను. తెరపై వేళ్ళతో లాగి పెద్దది చేసి తీసినచో పెక్కు ఫోనులలో వివరము పెరుగదు. బొమ్మ మాత్రము పలుచబడును. ముఖమునకు నునుపు తెచ్చు ఏర్పాట్లు, రంగులు మార్చు ఏర్పాట్లు ఉన్నచో ఆపివేయవలెను.

గాలికి ఆకు కదలుచున్నచో కాడను ఎడమచేత పట్టి, వెనుక తెల్లకాగితము నుంచి తీయవలెను. ప్రక్కన రూపాయి నాణెమునైనను, స్కేలునైనను ఉంచినచో మచ్చ కొలత తెలియును.

పగటి వెలుతురు

ఉదయపు లేత ఎండలో రంగులు సహజముగా వచ్చును. నడిమధ్యాహ్నపు ఎండలో ఆకు మెరసి మచ్చలు తెల్లబారును. అప్పుడు మీ నీడనైనను, గొడుగు నీడనైనను ఆకుపై పడనిచ్చి తీయవలెను. నీడ ఆకు అంతటను ఒకే తీరుగా పడవలెను. సగము ఎండ, సగము నీడ పనికిరాదు. టమాట నారును ఆకుపచ్చ నీడవలక్రింద తీసినచో ఆకు రంగు తప్పుగా వచ్చును. కనుక ట్రేను వెలుపలకు తెచ్చి తీయవలెను.

చీకటిలో తీయుట

కొన్ని పురుగులు పగలు కనబడవు. పొగాకు లద్దెపురుగు పగలు మట్టిపెళ్ళల క్రింద దాగి, రాత్రి ఆకును తినును. ఎర్ర గొంగళిపురుగు యొక్క రెక్కల పురుగులు తొలకరిలో మంచి వాన కురిసిన పిమ్మట సాయంకాలము నేలనుండి వెలువడి దీపములకు చేరును. వీటిని ఆ వేళనే తీయవలెను.

వెలుతురు తక్కువైనప్పుడు కెమేరా చాలినంత కాంతిని గ్రహించుటకు ఎక్కువ సేపు తెరచి యుండును. ఆ కొద్దిసేపు చేయి వణికినను, పురుగు కదలినను బొమ్మ చెదరును. కనుక వెలుతురును పెంచుట, వణకును తగ్గించుట అను రెండు పనులు చేయవలెను.

ఫోనునందలి ఫ్లాష్ దీపమును దగ్గరగా వాడరాదు. నడుమ తెల్లగా మెరసి, చుట్టు నల్లబడును. దానికి బదులు మరియొకరు టార్చిలైటును ప్రక్కనుండి, ఒక మూర దూరమున ఏటవాలుగా పట్టవలెను. దానిపై పలుచని తెల్లగుడ్డ కప్పినచో కాంతి మెత్తబడి, పురుగు మీది వెండ్రుకలు, చారలు కూడ కనబడును. పసుపు బల్బు వెలుతురులో పచ్చని ఆకు సహితము పసుపుగా వచ్చును. కనుక తెల్లని కాంతినిచ్చు దీపము మేలు.

ఫోనును రాతిపైగాని, నిలిపిన పార కర్రకుగాని ఆనించి, 3 సెకండ్ల టైమరు పెట్టినచో మీట నొక్కునప్పటి వణకు తప్పును. ఫోనులోని నైట్ మోడ్ అనేక బొమ్మలను తీసి ఒకటిగా కలుపును. కదలని ఆకులకు, కాండములకు అది మంచిది. కదలు పురుగులకు పనికిరాదు. పురుగును తెల్లకాగితముపై నుంచి టార్చి వెలుతురులో నాలుగైదు ఫోటోలు తీసి, మంచిదానిని ఎన్నుకొనవలెను.

మొక్కజొన్నలో కత్తెరపురుగును అనుమానించినచో తలను, తోకవైపు భాగమును విడివిడిగా తీయవలెను. తలపై తలక్రిందులైన వై అక్షరపు గుర్తును, తోకవైపు చతురస్రముగా నాలుగు చుక్కలును దానిని పట్టియిచ్చును. ఈ పురుగు మన దేశములో 2018లో కర్ణాటకలో మొదట కనబడినది.

రాత్రి చేనికి పోవునప్పుడు బూట్లు తొడిగి, కర్రయు దీపమును వెంట నుంచుకొనవలెను. పాములు తిరుగు వేళ యది.

పంపు విధము

పంపుటకు ముందు నీడకు పోయి ఫోటోను పెద్దది చేసి చూడుడు. ఆకు ఈనెలు విడివిడిగా కనబడినచో ఫోటో మంచిది; లేనిచో మరల తీయుడు. వాట్సాప్‌లో మామూలుగా పంపినచో ఫోటో కుదించబడి వివరము తగ్గును. డాక్యుమెంటుగా పంపినచో ఉన్నదున్నట్లు చేరును. దానితో ఈ వివరములు వ్రాయవలెను: పైరు, రకము, విత్తిన తేది, తెగులు మొదట కనబడిన తేది, పది మొక్కలలో ఎన్నిటికి సోకినది, చివరి తడి లేక వాన, ఇంతవరకు కొట్టిన మందులు, వాటి మోతాదులు. కొట్టిన మందును దాచరాదు. మందు మాడ్చిన మచ్చలు తెగులు మచ్చలవలెనే ఉండవచ్చును.

ఫోటోలను మీ రైతు సేవా కేంద్రములోని వ్యవసాయ సహాయకునకు చూపవచ్చును. 2024 ఆగస్టు 15న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన జాతీయ చీడపీడల నిఘా ఏర్పాటు యొక్క యాప్ కూడ ఫోటో ద్వారా పురుగులను, తెగుళ్ళను గుర్తించుటకు తోడ్పడును. మాటలలో సలహాకు కిసాన్ కాల్ సెంటరు ఉచిత నంబరు 1800-180-1551.

ఫోటో చాలని సందర్భములు

2000 సంవత్సరములో అనంతపురము జిల్లాలో వేరుశనగ మొక్కలు విస్తారముగా చచ్చిపోయెను. చూపునకు అది మొవ్వుకుళ్ళు తెగులును పోలియుండెను. పరీక్షాగారములో పరీక్షింపగా కారణము టొబాకో స్ట్రీక్ అను వేరొక వైరస్ అని తేలెను. వైరస్ తెగుళ్ళు, వేరు తెగుళ్ళు, ధాతులోపములు ఫోటోతో పూర్తిగా తేలకపోవచ్చును. అట్టి సందర్భములలో మొక్కను వేరుతో సహా తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానమునకైనను, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమునకైనను తీసికొని పోవలెను.

తెగులు కనబడిన దినముననే ఐదు ఫోటోలు తీయుడు. సలహా వచ్చిన పిమ్మటనే మందు కొనుడు. మందు కొట్టిన వారమునకు అదే మొక్కను అదే చోట, అదే వేళ మరల ఫోటో తీసి పోల్చి చూచినచో, మందు పనిచేసినదో లేదో మీకే తెలియును.