మూత్రపిండ దానము – ఊపిరితిత్తుల రక్షణము

1954వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన బోస్టను నగరమున జోసెఫ్ మర్రే అను వైద్యుడు కవలసోదరులలో నొకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి కృతార్థుడయ్యెను. వారు ఏకరూప కవలలగుటచే దేహము దానిని పరాయిదని త్రోసివేయలేదు.

ఇతరుల విషయమున అట్లు గాదు. దేహమునకు కావలియగు తెల్లకణములు క్రొత్త యవయవముపై దాడి సల్పును. కావున వానిని అణచు మందులు నిత్యము సేవింపవలెను. కావలి సడలినచో దొంగలకు సందు దొరకును గదా! ఆరోగ్యవంతులకు సాధారణముగా హాని సేయని న్యుమోసిస్టిస్ అను బూజుజాతి సూక్ష్మజీవి అట్టివారి ఊపిరితిత్తులలో జేరి జ్వరమును, పొడిదగ్గును, ఆయాసమును గలిగించును. అనేకుల దేహములలో నిద్రాణమైయుండు సైటోమెగలో వైరసు మేల్కొని, మిగిలిన రక్షణశక్తిని సైతము తగ్గించి, దానికి తోడగుటయు గలదు.

కావున ఒకటి కనబడినంతనే రెండవది లేదని తలపరాదు. మొదటిదానికి కోట్రైమోక్సజోలు, రెండవదానికి గాన్‌సైక్లోవిర్ మందులు గలవు. అవసరమును బట్టి శస్త్రచికిత్స పిదప కొన్ని మాసములు నివారణార్థము సయితము మందులిత్తురు.

ఇట్టి రోగి స్వల్పజ్వరమునైనను ఉపేక్షింపక వైద్యుని జూడవలెను. మందులను తనంతట మానరాదు. దగ్గు, జలుబు గల దినములలో మనము వారికి దూరముగ నుండుటయు సేవయే.